నిండా పట్టిన ట్యాంకు

వ్యాను నేల మళ్ళీ తడిసింది. పైడిరాజు మోకాళ్ళ మీద కూర్చుని గోనెపట్టాతో ఆ నీళ్ళు అద్దుతూ, దీని అంతు చూడకుండా ఇవాళ అన్నం ముట్టకూడదనుకున్నాడు.

అది తులశమ్మ గారి పాత వ్యాను. ఆమెకి ఇల్లూ అదే, ఆశ్రమమూ అదే. లోపల పడుకోడానికి బల్లలు, చిన్న గ్యాసు పొయ్యి, వెనక మూల నీళ్ళు కాచే ట్యాంకు. చలికాలం వస్తే ఆమె పాడేరు పైన కొండల్లో ఊరూరా తిరుగుతుంది. కీళ్ళు పట్టేసిన ముసలివాళ్ళకి నూనె రాసి, వేన్నీళ్ళ కాపడం పెడుతుంది. పక్కన కూర్చుని వాళ్ళ మాటలు వింటుంది. అంతకు మించి బోధలేమీ చెయ్యదు. వెంట ఉండే శిష్యులు ఇద్దరే. వ్యాను నడిపేది పైడిరాజు. వంటా, నూనెల పనీ చూసేది కనకాలు.

ట్యాంకు లేకపోతే ఆ చలిలో తిరిగీ లాభం లేదు. కారిన నీళ్ళు పడి కింద మంట ఆరిపోతోంది. నేల చెక్క నాని మెత్తబడుతోంది. ఎండ వాలేలోగా పై ఊరు చేరాలి. నడవలేని వాళ్ళు అక్కడ ఆమె కోసమే కనిపెట్టుకుని ఉన్నారు.

పైడిరాజు మొదట అడుగున ఉన్న బిరడాని అనుమానించాడు. విప్పి, మరలకి టేపు చుట్టి, బలంకొద్దీ బిగించాడు. కారింది. చన్నీళ్ళ గొట్టానికి క్లిప్పు మార్చాడు. అయినా కారింది. అప్పుడు ట్యాంకుని పైనుంచి కిందదాకా పొడిగుడ్డతో తుడిచి, మంట వెలిగించి, టార్చి వేసి రెప్పవెయ్యకుండా చూశాడు. చాలాసేపు ఏమీ లేదు. నీళ్ళు కాగాక, పక్కనున్న చిన్న వాల్వు మూతి దగ్గర ఒక చుక్క ఊరింది. దాని వెనకే ఇంకోటి.

"దొరికావు!" అన్నాడు.

పాత వాల్వు పీకేసి, కొని దాచిన కొత్తది బిగించాడు. వాగు నుంచి బిందెలతో నీళ్ళు మోసి, ట్యాంకు నిండా పట్టి కాచాడు. కొత్తదీ కారింది.

అదే సమయానికి కనకాలు గిన్నె పట్టుకొచ్చి, అడక్కుండా కుళాయి తిప్పి, అతను కాచిన వేన్నీళ్ళు అంట్లకి పట్టుకుపోయింది. పైడిరాజు పళ్ళు బిగించాడు. మాట మాత్రం అనలేదు. రెంచీల డబ్బా మూత ధభీమని వేశాడు, అంతే.

ఇది రోజూ ఉన్నదే. ఆమె తీసుకుపోతుంది, అతను మింగుతాడు. కిందటి వానాకాలంలో అతను తులశమ్మతో చెప్పాడు కూడా, "అమ్మా, నాకిప్పుడు కోపమే రావడం లేదు" అని. ఆమె "అలాగా" అని ఊరుకుంది.

ఇప్పుడతను సంచీలోంచి ఒక డమ్మీ ప్లగ్గు తీశాడు. వాల్వుని పూర్తిగా తీసేసి, ఆ రంధ్రాన్నే మూసేస్తే సరి. కారడానికి దారే ఉండదు. రెంచీ పట్టుకుని లేచేసరికి గుమ్మంలో తులశమ్మ నిలబడి ఉంది.

"చేతిలో అదేమిటి నాయనా?"

"డమ్మీ అమ్మా. ఈ రంధ్రం మూసేస్తున్నాను. ఇక చుక్క పడదు."

"చల్లగా ఉన్నప్పుడు కారుతుందా?"

"లేదమ్మా. వేడెక్కితేనే."

ఆమె చెయ్యి చాపింది. అతను డమ్మీ ఇచ్చాడు. ఆమె దాన్ని బయట తుప్పల్లోకి విసిరేసి, లోపలికొచ్చి మంట ఆర్పేసింది. నీళ్ళు చల్లారేదాకా బయట బండ మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉండిపోయింది. పైడిరాజు ఎండ వంకా, కొండ వంకా చూస్తూ ఆమె చుట్టూ తిరిగాడు.

"ఆలస్యమవుతోందమ్మా."

"అవుతోంది."

తర్వాత లేచి, చన్నీళ్ళు వచ్చే దారి కట్టేసింది. వేన్నీళ్ళ కుళాయి తిప్పి వదిలేసింది. అప్పుడు వాల్వుకున్న చిన్న పిడిని పైకెత్తింది. నీళ్ళు బుడబుడమంటూ వ్యాను పక్కన మట్టిలోకి పోసాగాయి.

పైడిరాజు ప్రాణం ఉసూరుమంది. "అమ్మా! భుజాలు పడిపోయేలా మోశాను! నిండా పట్టాను!"

"అవును. నిండా పట్టావు."

ధార సన్నబడింది, ఆగిపోయింది. ఆమె పిడి వదిలింది. కుళాయి కట్టి, చన్నీళ్ళ దారి తెరిచింది.

"వెలిగించు."

వెలిగించాడు. నీళ్ళు కాగాయి. అతను వాల్వు మూతి కింద వేలు పెట్టాడు. పొడిగా ఉంది. కాసేపాగి మళ్ళీ పెట్టాడు. పొడిగానే ఉంది.

"ఏం చేశారమ్మా?"

"పైన కాస్త చోటు వదిలాను. కాగిన నీళ్ళు పొంగుతాయి కదా."

"మరి నేను మూసేసి ఉంటే?"

"పొంగిన నీళ్ళు పోయే దారి అదొక్కటే నాయనా. మూస్తే ట్యాంకు పేలిపోదూ?" అతను ట్యాంకు వంక చూశాడు, దాని పక్కనే తాను రోజూ పరుచుకుని పడుకునే చాప వంక చూశాడు.

కనకాలు మళ్ళీ గిన్నెతో వచ్చి కుళాయి మీద చెయ్యి వేసింది. పైడిరాజు పళ్ళు బిగుసుకోబోయాయి. చెయ్యి డబ్బా మూత మీదికి పోయి, అక్కడే ఆగింది.

"కనకాలక్కా," అన్నాడు. "నువ్వు అడక్కుండా ఆ నీళ్ళు తీసుకుపోతుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది."

కనకాలు తిరిగి చూసింది. "నాకు తెల్దేటి? నువ్వా మూత బాదినప్పుడల్లా తెలుస్తానే ఉంది. నోటితో అంటావేమోనని చూస్తన్నాను." అరచేతులు చాపి చూపించింది. చలికి వేళ్ళ సందులన్నీ పగిలి ఎర్రగా ఉన్నాయి. "చన్నీళ్ళకి ఆ నూనె జిడ్డు వదల్దు తమ్ముడూ."

పైడిరాజు ఆ చేతుల్ని చూశాడు. గిన్నె తీసుకుని తనే కుళాయి కింద పెట్టాడు.

ఈలోగా ముందు సీట్లోకి వెళ్ళి కూర్చున్న తులశమ్మ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"కోపం వచ్చిందా నాయనా?"

"వచ్చిందమ్మా."

"మంచిది. వ్యాను తియ్యి."