ద్రాక్షదారిలో బస్సు డ్రైవరు

నాగలింగస్వామిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట "సైకిలెక్కు" అనే. మోక్షం గురించి అడిగినా అంతే, అత్తతో పడటం లేదని చెప్పుకున్నా అంతే. అడిగినవాళ్ళు మారు మాట్లాడకుండా సైకిలెక్కి, పెన్న ఒడ్డున ద్రాక్షతోటల పక్కనే సాగే ఆరు కిలోమీటర్ల దారిలో ఆయన వెనకాల తొక్కాలి. సమాధానం ఆ దారిలో ఎక్కడో ఒకచోట దొరుకుతుందని ఆయన నమ్మకం. పోయేటప్పుడు దొరక్కపోతే తిరిగి వచ్చేటప్పుడు వెతుక్కోవచ్చు. అందుకే ఆయన శిష్యుల్లో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి సందేహాలు బహు తక్కువ. ఎదురుగాలి వీచే రోజుల్లోనైతే మేమందరం జ్ఞానులమే.

ఆ దారికొక కట్టుబాటు ఉంది. కోతలు మొదలైన రోజు నుంచి చివరి గుత్తి తెగేదాకా ఇంజనున్న బండి ఏదీ దాని మీద తిరగకూడదు. రెండు కొసలా గొలుసులు కడతారు. పండిన ద్రాక్ష మీద సన్నటి తెల్లపొర ఉంటుంది. వేలితో తాకితే చెరిగిపోయేంత పలచన. ఒక్క మోటారుబండి పోయినా దుమ్ము లేచి దాని మీద కూర్చుంటుంది. దుమ్ము తుడిస్తే పొర కూడా పోతుంది. పొర పోయిన గుత్తిని కొనేవాడు చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోతాడు. కాబట్టి ఆ నెలన్నర రోజులూ ఆ దారి నడిచేవాళ్ళదీ, సైకిళ్ళదీ. సర్పంచి గారంతటివారు కూడా స్కూటరు గొలుసు దగ్గర దిగి నడిచి రావలసిందే. నడవటం ఆయనకెంత కష్టమో ఆయన ముఖం చూస్తే తెలుస్తుంది. ఆ ముఖం చూడటం కోసం తోటల్లో ఆడవాళ్ళు కాసేపు పని కూడా ఆపుతారు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం పొద్దున వన్నూరప్ప స్వామి దగ్గరికి వచ్చాడు. ఆయన కదిరి రూటులో బస్సు డ్రైవరు, ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. నాలుగు నెలల కిందట సందులోంచి దూసుకొచ్చిన మోపెడ్ ఒకటి ఆయన బస్సుకి తగిలింది. దాని మీదున్న పాలవాడి కాలు విరిగింది. తప్పు డ్రైవరుది కాదని విచారణలో తేలింది. పాలవాడి కాలు కూడా అతుక్కుంది. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి పాలు పోస్తున్నాడు, నీళ్ళు కూడా మునుపటంతే కలుపుతున్నాడని వినికిడి. కుదుటపడనిది వన్నూరప్ప ఒక్కడే. స్టీరింగు మీద చెయ్యి వేస్తే చాలు, వేళ్ళు వణుకుతున్నాయి. మర్నాడు సోమవారం డిపోలో పరీక్ష. బస్సు తోలి చూపిస్తే అదే రోజు నుంచి పాత రూటు ఇస్తారు. తోలలేకపోతే రిటైరయ్యేదాకా డిపోలోనే ఉండి, ఇతరులు తోలుకొచ్చిన బస్సులు కడగాలి.

"సామీ, రేపు పోవల్నా వద్దా?" అన్నాడు వన్నూరప్ప, కూర్చోకుండానే. "భయం పోయినాంక బస్సెక్కల్లా? బస్సెక్కితే భయం పోతాదా? ఏదో ఒకటి చెప్పండి. మీరేది చెప్తే అది చేస్తా."

"సైకిలెక్కప్పా," అన్నారు స్వామి.

"నేను సైకిలు తొక్కి ఇరవై ఏండ్లాయె సామీ."

"ఆ సంగతి సైకిలుకు తెలీదులే."

ఇద్దరూ బయల్దేరారు. వెనకాల మేం ముగ్గురం కూడా కదిలాం. జ్ఞానం కోసమని పైకి చెప్పుకున్నాం గానీ, అంత పెద్ద డ్రైవరు అంత చిన్న సీటు మీద కూర్చుంటే చూడాలన్న కోరిక కూడా ఉంది.

ఎడమ పక్కన ఏరు, ఇసకలో సన్నటి నీటిపాయ మెరుస్తోంది. కుడి పక్కన నిలువుగా పాతిన రాతికూసాల మీద పందిళ్ళు, వాటి కింద వేలాడుతున్న నల్లటి గుత్తులు. సైకిలు గొలుసుల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. దారి మీద అడ్డొచ్చేందుకు ఒక్క ఉడత కూడా లేదు. అయినా వన్నూరప్ప ప్రతి తోట వాకిటి దగ్గరా బ్రేకు నొక్కాడు. కుడిచేతి పక్కన లేని అద్దంలోకి మాటిమాటికీ తిరిగి చూశాడు. కిలోమీటరు దాటేసరికి చల్లటి గాలిలో కూడా చొక్కా తడిసిపోయింది. మా సైకిళ్ళు ఆయన వెనక చక్రానికి నాలుగుసార్లు గుద్దుకోబోయాయి.

ఏరు ఎడమకి వంకర తిరిగే చోట దారి కూడా దానితోపాటు తిరుగుతుంది. సైకిలుకైతే హ్యాండిలు కాస్త తిప్పితే సరిపోతుంది. వన్నూరప్ప మాత్రం ముందు కుడికి బాగా వెడల్పుగా తీసుకుని, ముప్పైఆరడుగుల బస్సుని తిప్పినట్టు తిప్పబోయాడు. అంత వెడల్పు ఆ దారికి లేదు. సైకిలు తిన్నగా పందిట్లోకి పోయింది. గుత్తుల మధ్య ఆయన తల ఒక్కటే పైకి కనిపించింది.

ఆ తోట లాలెమ్మది. ఆమె కత్తెర చేత్తో పట్టుకుని వచ్చి, ఎగాదిగా చూసింది.

"ఎవురన్నా నువ్వు? దారంతా ఖాళీగా పెట్టుకోని నా తోటలోకొచ్చినావే!"

"మలుపు కదమ్మా," అన్నాడు వన్నూరప్ప, జుట్టులోంచి ఆకు తీసుకుంటూ. "వెనకాల చక్రాలు గట్టెక్కుతాయేమోనని వెడల్పుగా తీసుకుంటి."

లాలెమ్మ వంగి సైకిలు వెనక్కి చూసింది. "యా చక్రాలు? ఉండేది ఒకటే కదా!"

"బస్సనుకున్యా. అలవాటు."

"మరి ప్యాసింజర్లను యాడ దించినావు?"

పందిట్లో ఉన్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. స్వామి తన సైకిలు గొలుసు ఊడిందేమోనని వంగి చాలాసేపు చూశారు. గొలుసు ఊడలేదు.

నవ్వు నవ్వే, కట్టుబాటు కట్టుబాటే. రెండు గుత్తుల మీది పొర చెరిగిపోయింది. గుత్తి చెరిపినవాడు డబ్బివ్వాల్సిన పని లేదు. ఆ తోట పండ్ల ట్రే ఒకటి తూకం షెడ్డుకి చేర్చాలి. షెడ్డు ఆ కొసన ఉన్న గొలుసు దగ్గర, అక్కడికి ఇంకా మూడు కిలోమీటర్లుంటుంది.

"వద్దమ్మా," అన్నాడు వన్నూరప్ప. రెండు చేతులూ ముందుకి చాచి చూపించాడు. "ఈ చేతులు చూడు. నీ పండు నేలపాలైతాది."

లాలెమ్మ ఆ వణుకు చూసింది. స్వామి వైపు చూసింది. ఆయన ఏటిలోకి చూస్తున్నారు. కాగితం పరిచి గుత్తులు పేర్చిన ట్రేని ఆమె తనే తెచ్చి క్యారియరు మీద పెట్టి, పాత చీరపీలికతో మెత్తగా కట్టింది.

"చూసినా కాబట్టే చెప్తాండా, మెల్లగా పో," అంది. "మా ఇంటాయన పొద్దున్నించి తొమ్మిది ట్రేలు మోసినాడు. ఒక్క పండు చెరగలా. పదోది నీది. ఈ ప్యాసింజర్లు నోరు తెరిచి అరవరు, నువ్వే చూసుకోవల్ల."

వన్నూరప్ప సైకిలెక్కాడు. ఎక్కాక పక్కతోట వాకిటి దగ్గర బ్రేకు నొక్కబోయి మానుకున్నాడు. నొక్కితే కుదుపు, కుదిపితే పండూ పండూ రాసుకుంటాయి. ఇక బ్రేకు జోలికి పోకుండా ఉండాలంటే దారిని దూరం నుంచే చూడాలి. పది గజాల ముందు గుంత కనిపించగానే తొక్కటం ఆపి, సైకిలుని దాని పక్కగా జారనిచ్చాడు. రాళ్ళున్న చోట సీటు మీద నుంచి లేచి నిలబడ్డాడు. తర్వాతి మలుపు ఎంత సన్నగా తిరిగాడంటే, అంతసేపూ వెనకాల ఆయాసపడుతూ నవ్వుకుంటున్న మేం నవ్వటం మర్చిపోయాం. స్వామి ఎప్పుడు ఆయన వెనక్కి వచ్చారో కూడా ఎవరమూ గమనించలేదు.

పంపుషెడ్డు దగ్గర ఒక పందిరి ఆకులు కదిలాయి. గాలికి కదిలిన కదలిక కాదది. వన్నూరప్ప అప్పటికే నెమ్మదించాడు. రెండు కూసాల సందులోంచి ఒకామె నెత్తిన ఖాళీ ట్రే పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ దారి మీదికొచ్చింది. ముఖం ఇంకా తోటవైపే ఉంది, లోపల ఎవరితోనో తగువాడుతోంది. ఇంజను తిరగని దారిలో అటూ ఇటూ చూసుకునేవాళ్ళు ఉండరు. ఆమెకి మూడు గజాల దూరంలో వన్నూరప్ప సైకిలు చప్పుడు లేకుండా ఆగింది. ఆయన ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాడు.

"వచ్చినాంక చెప్తా నీ సంగతి!" అని ఆమె తోటలోకి అరిచి, ఇటు తిరక్కుండానే దారి దాటి ట్రే కడుక్కోవటానికి ఏటిగట్టు దిగిపోయింది. తన కోసం ఒక మనిషి ఆగాడని ఆమెకి తెలియనే తెలియదు. మేం మాత్రం ముగ్గురం ఒకరి మీద ఒకరం పడ్డాం.

షెడ్డులో తూకమేసే ముసలాయన కాగితం ఎత్తి చూశాడు. ఒక గుత్తిని కాడ పట్టుకుని వెలుతురుకి తిప్పాడు. ఏమీ అనకుండా ట్రేని మిగతా తొమ్మిదింటి పక్కన పెట్టాడు. ఆయన నోట మంచిమాట విన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు కాబట్టి, ఏమీ అనకపోవటమే గొప్ప.

వన్నూరప్ప బయటికి వచ్చి గట్టు మీద కూలబడ్డాడు. చేతులు మళ్ళీ వణుకుతున్నాయి. వాటిని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. స్వామి వచ్చి పక్కన కూర్చున్నారు.

"సామీ, మీకు అబద్ధం చెప్పను. భయం పోలేదు. ఆ ట్రే కట్టిన కాడినుంచి దింపేదాకా పానం అరచేతిలో పెట్టుకోనే తొక్కినా. ఆయమ్మ వెనక్కి నడుచుకుంటా వచ్చినప్పుడైతే ఇంక చెప్పేపనే లేదు. దారిపొడుగునా భయమే సామీ."

"చూస్తిని," అన్నారు స్వామి. "బాగా తోలింది నీ భయం."

వన్నూరప్ప తలెత్తాడు.

స్వామి లేచి పంచెకంటిన ఇసక దులుపుకున్నారు. "కదిరిలో నాకు పనుందప్పా. రేపు నీ బస్సు ఎన్నింటికి?"