తలకాయ తొడిమలో మచ్చ

విజయదశమి నాడు పొద్దున్నే రత్నవరం రాజు చెన్నభూపతికి లోకం గిర్రున తిరిగింది. రెండుసార్లు వాంతయింది. అయినా ఊరేగింపు పంతం వదల్లేదు.

"ఈ తిరుగుడు ఎక్కడ పుట్టిందో చెప్పినవాడికి నా మెడలో హారం! తొందరగా తేల్చండి, ఏనుగెక్కి ఊరేగాలి."

ఆస్థాన వైద్యుడు పేరిశాస్త్రి కండువా సర్దుకున్నాడు. తల కోయకుండా లోపలి పటం తీసే యంత్రం ఆయన దగ్గరుంది. ఆ కాలంలో ఎక్కడిదని నన్నడక్కండి, నాకు కథ చెప్పినవాళ్ళు చెప్పలేదు. పటం తీశాడు. ముత్యంలా ఉంది.

"తలలో ఏమీ లేదు ప్రభూ!"

సభలో ఎవరికీ నవ్వే ధైర్యం చాల్లేదు.

"చెవిలో దోషం. నిక్షేపంగా ఏనుగెక్కండి."

విదూషకుడు కొండుభట్టు ఇరకాటంలో పడ్డాడు. రాజుగారిని నవ్వించడం అతని కొలువు. నోరు తెరిస్తే కొలువు ఊడుతుంది, మూసుకుంటే రాజు పోతాడు. పోయినేడు సేనలు నడిపే దళవాయి అలాగే పోయాడు మరి.

"ప్రభూ, ఒక్కసారి నా వేలు చూడండి."

వేలు కుడికి జరిపాడు, ఎడమకు జరిపాడు. రాజుగారి కళ్ళు ఎటు ఎగిరితే అటు తాటాకు మీద బొగ్గుతో గీత గీశాడు.

"ఏమిటది, కోడి కెలికినట్టు?" శాస్త్రి ఈసడించాడు.

"నా చదువు అంతేనండి. నాకూ ఓసారి చెవి తిరుగుడొచ్చింది. ఎటు చూసినా కళ్ళు ఎడమకే ఉరికేవి. మా ఆవిడ ఎదురుగా పీటేసుక్కూచుని మూడు రోజులు నవ్వింది. ప్రభువులవి కుడికి చూస్తే కుడికి, ఎడమకు చూస్తే ఎడమకు ఉరుకుతున్నాయి. ఇది చెవి తిరుగుడు కాదండి, దళవాయిగారికీ ఇంతే. మొదటిరోజు ఆయన పటమూ ముత్యమే. గుర్రమెక్కి, పడి, పోయాక మళ్ళీ తీస్తే తలకాయ తొడిమలో, మెడకు అతుక్కునే చోట, మచ్చ తేలింది!"

"నా యంత్రం అబద్ధమంటావా?"

"అపచారం! నిజమేనని ఓ ముక్క రాసివ్వండి చాలు. 'ప్రభువులు ఏనుగు మీంచి పడితే ఈ శాస్త్రి తల తీయండి' అని."

శాస్త్రికి దగ్గొచ్చింది.

"ఒక్కరోజు పడుకుంటే... తప్పేం లేదు ప్రభూ."

రాజును పడుకోబెట్టి ఆ పూటే తొడిమకు మందు మొదలుపెట్టారు. మర్నాటి పటంలో కందిగింజంత మచ్చ కనబడింది. నెల తిరిగేసరికి రాజు కొలువుకొచ్చాడు.

"ఒరే భట్టూ, యంత్రానికి అందంది నీకెలా అందిందిరా? ఎప్పుడు నేర్చావు వైద్యం?"

"వైద్యం కాదు ప్రభూ, పిరికితనం. ఇరవయ్యేళ్ళుగా తమ కళ్ళు ఎటు ఉరికితే, వాటికి చిక్కకుండా రెండో పక్కన దాక్కుని బతుకుతున్నాను. ఆవేళ రెండు పక్కలకీ ఉరికాయి. దాక్కునే చోటు లేక నోరు తెరిచాను!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే హారం తీసి కొండుభట్టు మెడలో వేశాడు.