మూడో గజశాలలో తనిఖీ

ఖర నామ సంవత్సరం వానాకాలంలో గానుగవాడి కొడుకు తవిటయ్యకు, రాజుగారి విద్యాలయంలో తనిఖీ విద్యకు చివరి పరీక్ష వచ్చింది. రాజుగారి ఏనుగులు మూడు ఊళ్ళలో ఉన్నాయి. గురువు సోమయాజులుగారి వెంట మూడు గజశాలలూ చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెడితే పట్టా వస్తుంది.

రోజుకో ఊరు చూశారు. ప్రతి ఊళ్ళోనూ ఇరవై ఏనుగులున్నాయి. మూడో ఊళ్ళో తవిటయ్య అయోమయంగా నిలబడిపోయాడు.

"నాకు అన్నిచోట్లా అవే కనిపిస్తున్నాయండి."

"ఏనుగులు ఏనుగుల్లాగే ఉంటాయిరా మొద్దూ. ఏటా నేను పెట్టే సంతకమే. నువ్వూ పెట్టు."

ఇంతలో ఒక ఏనుగు తొండం చాచి తవిటయ్య రొంటిలో వెతకసాగింది. అతను పంచె గట్టిగా పట్టుకున్నాడు.

"గురువుగారూ, మొదటి ఊళ్ళో ఒక ఏనుగుకి రొంటిలోంచి బెల్లం తీసి పెట్టాను. ఇవాళ రొంటి ఖాళీ. ఈ ఊరికి నేను రావడం ఇదే మొదలు. నా రొంటిలో బెల్లం ఉంటుందని దీనికెవరు చెప్పారండీ?"

సోమయాజులుగారు మావటివాడి వంక చూశారు.

"రాత్రిళ్ళు నడిపించి తెచ్చామండి. ఉన్నవి ఇవే," అన్నాడు వాడు.

తవిటయ్య సంతకం పెట్టకుండా సంగతి రాజుగారికి విన్నవించాడు. మిగతా నలభై ఏనుగులూ ఏమయ్యాయో రాజుగారికి అంతుపట్టలేదు. పట్టా మీద ముద్ర వేయాల్సింది సోమయాజులుగారే. తవిటయ్యకు పట్టా రాలేదు.