రెండు ఎర్ర గళ్ళు

వైజయంతికి ఒళ్ళు మండిపోతోంది. తిండీ నిద్రా మాని కట్టిన వెబ్‌పేజీ సిస్టర్ మేరీరత్నం ఫోన్లో తెల్లగా, ఖాళీగా తెరుచుకుంది.

కర్నూల్లో జిలానీ ఉస్తాద్ దగ్గర వెబ్‌సైట్లు కట్టే పని నేర్చుకుంటోంది వైజయంతి. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ పేజీల్లో తప్పులు దిద్దడంతోనే సరిపోయింది. మొదటిసారి ఉస్తాద్ ఒక పనిని పూర్తిగా ఆమె చేతిలో పెట్టాడు. ఒక ట్రస్టు ఆసుపత్రి బ్లడ్‌బ్యాంకు కోసం, రక్తం ఇచ్చేవాళ్ళు పేరు నమోదు చేసుకునే పేజీ అది. దాన్ని చూసుకుని వెళ్దామనే ఆ బ్లడ్‌బ్యాంకు నర్సు సిస్టర్ మేరీరత్నం వచ్చింది. రేపే ప్రారంభం. ఇది నిలబడితే ఇక సొంతంగా పనులు చెయ్యొచ్చు. లేదంటే మళ్ళీ ఆ దిద్దుబాట్లే గతి.

"నా ఫోన్లో చూడండి సిస్టర్, ఎంత బాగా వస్తోందో!"

"నీ దాంట్లో బంగారంలా ఉందమ్మా. నా దాంట్లోనే ఏమీ రావట్లేదు."

"మీ ఫోను పాతది. అందులో బ్రౌజరు ఇంకా పాతది. ఫోను మార్చేయండి, పీడా పోతుంది!"

సిస్టర్ మొహం చిన్నబోయింది. "నాదంటే మార్చుకుంటాలేమ్మా. రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్ళలో చాలామంది దగ్గర ఇట్లాంటివే ఉంటాయి."

వైజయంతికి తెలియక కాదు. ఏ కొత్త సదుపాయం ఏ బ్రౌజరుకి వచ్చో చెప్పే పట్టిక ఆమె ముందే చూసింది. గళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి, పాత బ్రౌజర్లవి రెండు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆ రెండింటినీ చూసీ చూడనట్టు వదిలేసి, పేజీ మొత్తం కొత్త పద్ధతిలోనే రాసేసింది. సిస్టర్ ఫోన్లో బ్రౌజరు తనకి అర్థం కాని మొదటి మాట దగ్గరే మొరాయించింది.

"ఈ పాత బ్రౌజర్లు ఎప్పుడు చస్తాయి ఉస్తాద్?" అంది విసుగ్గా. "వీటి మొహం చూస్తూ కూర్చుంటే మనం కొత్తది ఎప్పటికి వాడతాం? సరే, కొత్తవన్నీ పీకేస్తా. మా తాతల కాలం నాటి పేజీ ఒకటి చేసి పారేస్తా. అప్పుడు అందరికీ సంతోషమేగా!"

ఉస్తాద్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ముందు అందరికీ టీ పెట్టు బేటీ."

ఇల్లు కాలుతుంటే ఈయనకి టీ కావాల్సొచ్చింది! వైజయంతి విసవిసా లేచి, మూలనున్న కరెంటు పొయ్యి మీద గిన్నె పెట్టింది. పాలు, టీపొడి, అల్లం, చక్కెర అన్నీ ఒక్కసారే పడేసి మరిగించి, మూడు కప్పుల్లో పోసి తెచ్చింది.

సిస్టర్ కప్పు అందుకోబోయి ఆగింది. "చక్కెర వేశావా అమ్మా? నాకు షుగరు."

"అయ్యో, ముందే చెప్పొచ్చు కదా సిస్టర్!"

"నువ్వు అడగలేదు కదమ్మా. పర్లేదులే, నాకు మంచినీళ్ళు చాలు."

ఉస్తాద్ తన కప్పు కూడా పక్కన పెట్టేశాడు. మెట్లు దిగి వెళ్ళి పాలప్యాకెట్ తెచ్చాడు. గిన్నె కడిగి, చక్కెర లేకుండా టీ కాచి, మూడు కప్పుల్లో పోశాడు. చక్కెర డబ్బా, చెంచా మధ్యలో పెట్టాడు.

సిస్టర్ తన కప్పు తీసుకుని హాయిగా తాగింది. ఉస్తాద్ మూడు చెంచాల చక్కెర వేసుకుని తీరిగ్గా కలుపుకున్నాడు.

వైజయంతి ఆ ఇద్దరి కప్పులనూ చూసింది. తన కప్పు ముట్టుకోకుండా లేచి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది.

రాసిందంతా పక్కన దాచి, కొత్త పేజీ తెరిచింది. పేరు, బ్లడ్‌గ్రూపు, ఫోన్ నంబరు, కింద ఒక బటన్. సోకులేమీ లేవు. సిస్టర్ తన ఫోన్లో పేరు కొట్టి బటన్ నొక్కి చూసింది. నమోదైంది. ఆ తర్వాతే వైజయంతి దాచినవాటిని ఒక్కొక్కటిగా తెచ్చి, వాటిని అర్థం చేసుకోగల బ్రౌజర్ల కోసం ఆ పేజీ మీద అమర్చింది. ఆమె ఫోన్లో పేజీ మళ్ళీ మెరిసింది. సిస్టర్ ఫోన్లో బోసిగానే ఉంది, కానీ పనిచేస్తోంది.

"రేపు ప్రారంభానికి ఆసుపత్రికి ఈ అమ్మాయే వస్తుంది సిస్టరూ," అన్నాడు ఉస్తాద్.

వైజయంతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కొత్తవన్నీ తీసెయ్యమంటారేమో అనుకున్నాను ఉస్తాద్."

ఆయన చక్కెర డబ్బా ఆమె వైపు జరిపాడు.

"వేసుకుని తాగు బేటీ. నీకేం జబ్బు?"