కోటగోడలో మూడు రాళ్ళు

గుమ్మలదుర్గంలో ఏటా కోటగోడకు మరమ్మతులు చేసే కూలీలకు ఒక సంఘం ఉండేది. సున్నం తట్టలు మోసే నూకాలు దానికి పెద్ద.

ఒకనాడు దొర రాయపరాజు ఆమెను పిలిపించాడు. "మా తాత కొరడాతో కొట్టించేవాడు కాబట్టి అప్పట్లో మీకు సంఘం కావలసి వచ్చింది. ఈ ఇరవై ఏళ్ళలో మీ ఒంటిమీద ఒక్క దెబ్బయినా పడిందా? ఇంకా దేనికా సంఘం? రేపటికల్లా ఎత్తెయ్యండి, లేదా ఊరొదిలి పొండి!" అన్నాడు.

పిల్లాజెల్లాతో ఎక్కడికని పోతారు? అయినా నూకాలు "చిత్తం దొరా" అని వచ్చేసింది.

తెల్లారేసరికి కోటగోడ దగ్గర గునపాల చప్పుడు మొదలైంది. దొర తలపాగా అయినా చుట్టుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే మూడు రాళ్ళు కిందపడి ఉన్నాయి.

"ఏమిటే ఈ పని?"

"ఇరవై ఏళ్ళుగా శత్రువు ఒక్కడూ రాలేదు కదా దొరా! ఇంకా దేనికని ఈ గోడ?"

"ఓసి పిచ్చిదానా, గోడ ఉందనే వాడు రాలేదు!"

నూకాలు గునపం దించి, దొర మొహంలోకి చూసి నవ్వింది. దొర నాలుక కరుచుకున్నాడు. కాసేపటికి ఆయనకూ నవ్వు ఆగలేదు.

"సరేలేవే, ఉండనీ మీ సంఘం. ముందు ఆ రాళ్ళు మళ్ళీ ఎక్కించండి."

"అలాగే దొరా," అంది నూకాలు. "సంఘంలో మాట్లాడి చెబుతాం."