నోట్లో మిగిలిన జంతిక

తునిలో గవర్రాజు అనే రిటైరైన సోషల్ మాస్టారు ఉండేవాడు. ఆయన సినిమా చూసి నాలుగు ముక్కలు రాస్తే ఊరంతా పడీ పడీ నవ్వేది కానీ, తను రాసినదాని మీద ఆయనకే నమ్మకం ఉండేది కాదు.

రీళ్ల పెట్టెలు బస్సుల మీద ఊరూరూ తిరిగే కాలం అది. ఊళ్లో ఒక చిన్న వారపత్రిక శనివారం పొద్దున్నే వచ్చేది. గవర్రాజు శుక్రవారం నాడు భార్య నూకరత్నాన్ని వెంటబెట్టుకుని పద్మజా టాకీసులో కొత్త బొమ్మ మ్యాట్నీకి వెళ్లేవాడు. రాత్రికల్లా పత్రికకి తన సమీక్ష రాసిచ్చేవాడు.

పేరుకే అది సమీక్ష. హీరో ఫైటింగు చేస్తుంటే తన పక్క కుర్చీ ఎంత ఊగిందో అందులో రాసేవాడు. ఏ పాటకి తనకి కునుకు పట్టిందో, మళ్లీ ఏ పాటకి మెలకువ వచ్చిందో దాపరికం లేకుండా రాసేవాడు. నూకరత్నం స్టీలు డబ్బా నిండా జంతికలు తెచ్చేది. బొమ్మ బాగుంటే ఇద్దరూ డబ్బా సంగతే మరిచిపోయేవారు. బాగోకపోతే ఇంటర్వెల్‌కే డబ్బా అడుగు కనబడేది. ఊరికి అదే కొలత. "మాస్టారి డబ్బా ఖాళీ అయిందా, మిగిలిందా?" అని చూసుకుని మరీ టిక్కెట్టు కొనేవారు.

నూకరత్నం హాల్లో నోరు విప్పేది కాదు. ఇంటికి నడిచి వస్తూ ఒకే ఒక్క మాట అనేది. ఆ మాటతోనే సమీక్ష ముగిసేది. చాలామంది పత్రికని కిందనుంచి చదవడం మొదలుపెట్టేవారు, ఆవిడ ఏమందో చూద్దామని.

ఒకసారి పత్రిక వార్షికోత్సవానికి హైదరాబాదు నుంచి ఒక పెద్ద విమర్శకుడు వచ్చాడు. సభలో ఆయన నవ్వుతూనే అన్నాడు: "గవర్రాజుగారి కబుర్లు చదివి నేనూ నవ్వుకున్నాను. కానీ కబుర్లు వేరు, విమర్శ వేరు. జంతికల డబ్బాకీ సినిమా కళకీ సంబంధం ఏమిటో నాకు బోధపడలేదు."

జనం దానికీ నవ్వారు. తుని జనానికి నవ్వడానికి ఒక వంక ఉంటే చాలు. గవర్రాజు మాత్రం నవ్వలేకపోయాడు. ఇన్నాళ్లూ వీళ్లంతా నా రాతకి నవ్వుతున్నారా, నన్ను చూసి నవ్వుతున్నారా అని ఆయనకి అనుమానం పట్టుకుంది.

"నేను రాసేది విమర్శ కాదంటావా?" అని భార్యని అడిగాడు.

"విమర్శో, మరోటో నాకేం తెలుసండీ? మా చెల్లెలు పాయకరావుపేట నుంచి ఏరు దాటి వచ్చి మరీ మీ పేపరు పట్టుకెళ్తంది," అంది నూకరత్నం.

ఈ జవాబుకి ఆయనకి ధైర్యం రావాలి. రాలేదు. ఏళ్ల తరబడి మెచ్చుకున్న ఊరు ఒకవైపు, ఒక్క పూట వచ్చి వెళ్లిన పెద్దమనిషి ఒకవైపు. ఆయన మనసు ఆ పెద్దమనిషి వైపే మొగ్గింది. కొందరంతే, ఏం చేస్తాం!

ఆ వారమే సింహాచలం అనే అతను తీసిన సినిమా విడుదలైంది. సింహాచలం ఆ ఊరివాడే. మద్రాసులో అసిస్టెంటు డైరెక్టరుగా తిరిగి తిరిగి, జుట్టు నెరిసే వేళకి మొదటిసారి సొంతంగా ఒక బొమ్మ తీశాడు. అందులో పేరున్న నటులు లేరు, పాటలు లేవు. తన సినిమాని తన ఊరు చూడాలని అతని ఆశ. టాకీసు యజమాని వీరభద్రం ముందే ఒక మాట చెప్పేశాడు.

"ఆదివారం మ్యాట్నీకి సగం హాలన్నా నిండాల. లేపోతే సోమవారం బొమ్మ ఎత్తేస్తాను బాబూ. నన్నేటి చెయ్యమంటావు?"

సింహాచలం తిన్నగా గవర్రాజు దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు. "మాస్టారూ, బాగుందని రాయమని అడగనండి. మీకెలా అనిపిస్తే అలాగే రాయండి. నాకదే చాలు," అన్నాడు.

శుక్రవారం మ్యాట్నీకి గవర్రాజు దంపతులు వెళ్లారు. కథ చిన్నది. ఒక ముసలాయన గేదె తప్పిపోతుంది. దాన్ని కట్టే పలుపు భుజాన వేసుకుని ఆయన ఊళ్లు పట్టుకుని తిరుగుతూ వెతుకుతాడు. చివరికి ఒక ఇంటి ముందు గేదె కనబడుతుంది. ఆ ఇంటి పిల్ల దానికి ఒక పేరు పెట్టి, మెడలో గంట కట్టి, దాని పక్కనే కూర్చుని అన్నం తింటూ ఉంటుంది. ముసలాయన చాలాసేపు నిలబడి చూస్తాడు. "ఇది మీ గేదేనా?" అని ఆ ఇంటాయన అడుగుతాడు. "కాదు బాబూ, మాదానికి ఒక కొమ్ము వంకర," అని చెప్పి, ముసలాయన ఖాళీ పలుపుతో వెనక్కి నడుస్తాడు.

ముసలాయన ఆ ఇంటి ముందు ఆగినప్పుడు గవర్రాజు అలవాటుగా డబ్బా మూత తీసి ఒక జంతిక నోట్లో పెట్టుకున్నాడు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది. కొరికితే చప్పుడవుతుందని అలాగే బుగ్గన ఉంచుకున్నాడు. 'కొమ్ము వంకర' అన్న మాటకి ఆయనకి నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ గేదె కొమ్ములు రెండూ తిన్నగానే ఉన్నాయి. నవ్వు పూర్తికాకుండానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇది నవ్వో ఏడుపో తేల్చుకునేలోపు హాల్లో దీపాలు వెలిగాయి. జంతిక నోట్లోనే నానిపోయింది.

దారిలో నూకరత్నం తన ఒక్క మాటా అంది. "ఎందుకోనండీ, ఆ పలుపు ఇంకా నా భుజం మీదే ఉన్నట్టుంది."

వేరే రోజైతే ఇలాంటి మాట దొరికినందుకు గవర్రాజు ఎగిరి గంతేసేవాడు. ఆ రోజు ఆయనకి భయం వేసింది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదని రాస్తే అది విమర్శ అవుతుందా? జంతిక నానిపోయిందని రాస్తే ఆ పెద్దాయన చదివి ఏమనుకుంటాడు? ఆలోచించి ఆలోచించి అటక మీద పుస్తకాలు దింపాడు. వాటిలోంచి బరువైన మాటలు ఏరుకున్నాడు. శనివారం పత్రికలో ఇలా వచ్చింది:

"అస్తిత్వపు అంచున నిలిచిన నిశ్శబ్ద నిరాకరణమే ఈ చిత్రానికి అంతస్సూత్రం. ఇందులో గేదె గేదె కాదు. పలుపు పలుపు కాదు. శూన్యం ఒక్కటే శూన్యం."

జంతికల ఊసు లేదు. నూకరత్నం మాట లేదు. కిందనుంచి చదివేవాళ్లు పైకి వెళ్లి, మళ్లీ కిందకి వచ్చి, పేజీ తిప్పి వెనక కూడా చూశారు.

టీ కొట్టు దగ్గర పెద్ద చర్చ జరిగింది.

"గేదె గేదె కాకపోతే మరేటంటావు?"

"దెయ్యవై ఉంటది. పిల్లల్ని తీసుకెళ్లకండి."

"కాదెహె, శూన్యం అన్నారు కదా! తెర మీద ఏటీ ఉండదేమో. టిక్కెట్టు కొనుక్కుని తెల్లగుడ్డ చూసి రావాల."

"అదంతా కాదు, డబ్బా ఖాళీ అయిందా లేదా? ఆ ఒక్క ముక్క రాయొచ్చు కదా ఈ మహానుభావుడు!"

వీరభద్రం సమీక్షలోంచి ఒక మంచి వాక్యం తీసి పోస్టరు మీద వేయిద్దామనుకున్నాడు. ఏది మంచి వాక్యమో ఆయనకి తేలలేదు. సాయంత్రం సింహాచలం పత్రిక పట్టుకుని గవర్రాజు ఇంటికి వచ్చాడు.

"మాస్టారూ, తప్పుగా అనుకోకండి. ఇందులో నన్ను మెచ్చుకున్నారా, తిట్టారా?"

గవర్రాజు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. తుడుచుకుని మళ్లీ చదివాడు. తన రాతే, కానీ ఎవరో పరాయివాడు మాట్లాడుతున్నట్టు ఉంది. "లోతుగా చూస్తే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"లోతుగా చూస్తే ఏటండీ?" అంది నూకరత్నం వంటింట్లోంచి.

ఆయన పత్రిక మడిచి సింహాచలం చేతికి ఇచ్చేశాడు. సింహాచలం లేచి వెళ్లిపోయాడు.

ఆదివారం మ్యాట్నీకి హాల్లో అక్కడొకరు, ఇక్కడొకరు కూర్చున్నారు. దెయ్యం కోసం వచ్చినవాళ్లు ఇంటర్వెల్‌లో తిట్టుకుంటూ వెళ్లిపోయారు. సోమవారం పొద్దున్న గవర్రాజు మనసు ఆగక టాకీసుకి వెళ్లాడు. గోడ మీద కొత్త బొమ్మ పోస్టరు అతికించి ఉంది. దాని మైదా జిగురు ఇంకా ఆరలేదు. మెట్ల మీద రీళ్ల పెట్టె, దాని పక్కన సింహాచలం. బొమ్మ తరవాత ఆడబోయే నర్సీపట్నానికి బస్సు కోసం కూర్చుని ఉన్నాడు.

"మాస్టారూ, ఇప్పుడేం రాయక్కర్లేదు కదా. నిజం చెప్పండి. మీకు ఎలా అనిపించింది?" అని అడిగాడు సింహాచలం.

గవర్రాజు మెట్టు మీద కూలబడ్డాడు. నోట్లో జంతిక సంగతి చెప్పాడు. కొరకడానికి భయపడటం, నవ్వూ ఏడుపూ కలగాపులగమవడం, అది నానిపోవడం, అన్నీ చెప్పాడు. నూకరత్నం భుజం మీది పలుపు గురించి చెప్పాడు. సింహాచలం ముందు పగలబడి నవ్వాడు. తరవాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ ముక్క శనివారం నాడు రాసుంటే, మాస్టారూ..." అన్నాడు.

బస్సు వచ్చింది. పెట్టె పైకి ఎక్కించారు. గవర్రాజుకి మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారి ఎందుకో ఆయనకి బాగా తెలుసు.

తరవాతి శనివారం పత్రికలో ఆయన ఆ సినిమా గురించే మళ్లీ రాశాడు. "నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఇప్పటికీ తెలియదు. జంతిక మాత్రం కొరకలేదు," అని రాసి, కింద నూకరత్నం మాట పెట్టాడు. ఊరు చదివింది, నవ్వింది, చొక్కాలు వేసుకుని టాకీసుకి బయల్దేరింది.

"గేదె బొమ్మ ఏదండీ?" అని అడిగారు వీరభద్రాన్ని.

"వెళ్లిపోయింది కదా బాబూ!"

"ఎందుకు పంపేశారు?"

"మీరు రాలేదని!"

"మాకేటి తెలుసు అలాంటిదని?"

వీరభద్రం తల పట్టుకున్నాడు. ఎవరిని తిట్టాలో అక్కడున్న ఎవరికీ అర్థం కాలేదు.

ఆదివారం నర్సీపట్నం బస్సులో కొందరు తునివాళ్లు కనబడ్డారు. నూకరత్నం, ఆవిడ చెల్లెలు కూడా ఉన్నారు. ఎవరి ఒడిలో వాళ్లకి ఒక స్టీలు డబ్బా ఉంది. అక్కడి హాల్లో చివరి రీలు నడుస్తుండగా సింహాచలం వెనక గోడకి ఆనుకుని చెవి ఒగ్గి విన్నాడు. ఎక్కడా ఒక్క జంతిక చప్పుడు కాలేదు. అయితే ఆ బస్సెక్కింది కొందరే. ఊరు ఊరంతా కలిసి చూడాలన్న అతని ఆశ తీరలేదు, ఆ బొమ్మ మళ్లీ తునికి రాలేదు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, గుర్తుంచుకోండి: ఎవరో మెచ్చుకోవాలని అరువు తెచ్చుకున్న గొప్ప మాట ఎవరికీ చేరదు, మనకెలా అనిపించిందో అలాగే, తికమకగా ఉంటే తికమకగానే, మన మాటలో, చెప్పాల్సిన వేళకి చెప్పాలి.