కర్రి గేదె నేర్చిన ఇంగ్లీషు

వేసవి వస్తే ఆ చెరువు సగానికి ఎండిపోయేది. మిగిలిన నీళ్ల అంచున ఒక నల్లతుమ్మ చెట్టు ఉండేది. దాని కొమ్మల మీద కొంగలు గూళ్లు కట్టుకునేవి. దాని కింద కర్రి అనే ముసలి గేదె పడుకునేది.

పాలు ఎండిపోయాక యజమాని కర్రిని చెరువు దాకా తోలుకొచ్చి వదిలేసి పోయాడు. పొద్దు వాలితే పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఊళ్లో గొడ్లు పొద్దున్నే వచ్చి నీళ్లు తాగి మేతకు పోయేవి. ఒక్కటీ ఆగి పలకరించేది కాదు. దానికున్న తోడల్లా సుంకి అనే తెల్లకొంగ.

సుంకి కర్రి వీపు మీద కూర్చుని పిడుదులు ఏరి తినేది. కర్రి సుంకి గూటికి కాపలా కాసేది. కొంగపిల్లలకు ఒక పాడు అలవాటుంది. రెక్కలు గట్టిపడకముందే కొమ్మ చివరిదాకా నడిచి జారిపడతాయి. నేల మీద పడితే నక్కకు పడ్డట్టే. అందుకని పిల్లలు నడక మొదలుపెట్టాయంటే కర్రి ఆ కొమ్మ కిందికి వచ్చి నిలబడేది. జారిన పిల్ల దాని వీపు మీద పడేది. పిల్లను మోసుకుంటూ వంగిన కొమ్మ పక్కకు నడిస్తే, అది కొమ్మ పట్టుకుని పైకి ఎక్కేది. ఏటా ఇదే వరస. నక్క ఏటా గట్టు మీద కూర్చుని చూసి, ఖాళీ కడుపుతో వెనక్కి పోయేది.

సుంకి వానాకాలంలో పట్నం కాలవకు పోయి, ఎండలు ముదిరేసరికి తిరిగి వచ్చేది. ఆ ఏడు వచ్చినప్పుడు దాని మాట మారింది.

"ఏమే పిల్లా, ఇంత ఆలస్యం చేశావు?" అంది కర్రి.

"అక్కడ కండిషన్స్ బాగాలేవు అత్తా. పొల్యూషన్."

"అంటే?"

సుంకి చెప్పబోయేలోగా పక్కన రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి అందుకుంది. "ఇక్కడ మాత్రం ఎన్విరాన్‌మెంట్ ఏం బాగుందిలే!" అంది. ఇక రెండూ ఇంగ్లీషులో మొదలుపెట్టాయి. కర్రి ఒకసారి దీని ముక్కు కేసి, ఒకసారి దాని ముక్కు కేసి చూసింది. అవి నవ్వినప్పుడు తనూ తల ఊపింది. ఎందుకు నవ్వాయో తెలియలేదు. సుంకి తన వీపు మీదే కూర్చుని ఉన్నా, ఎక్కడో దూరంగా ఉన్నట్టు అనిపించింది.

ఈ పిల్ల కూడా పోతే నాకు ఎవరున్నారు, అనుకుంది కర్రి.

ఆ దిగులు నక్క కంట పడింది. నక్క చిన్నప్పుడు పట్నంలో కాలేజీ హాస్టలు వెనక చెత్తకుప్ప దగ్గర పెరిగింది. కిటికీలోంచి వినపడిన ఇంగ్లీషంతా దాని చెవుల్లో ఉంది.

"కర్రమ్మా, నేర్చుకుంటావా?" అని అడిగింది గట్టు మీది నుంచే.

"ఈ వయసులోనా? నవ్వుతారు."

"నవ్వేవాళ్లను కూడా కూర్చోబెడతాను. రేపటి నుంచి అందరికీ పాఠం. ఊరికే మాటలు బట్టీ పడితే నిలవవు. వాదన పెట్టుకోవాలి. కోపంలో వాడిన మాట చచ్చేదాకా గుర్తుంటుంది. హాస్టల్లో అలాగే నేర్పేవాళ్లు."

"దేని మీద వాదన?"

నక్క చెరువు వైపు చూసింది. "చెరువును పంచాలా, వద్దా? ఉత్తుత్తినే. పాఠం కోసం."

అది ఉత్తుత్తి సంగతి కాదని నక్కకు తెలుసు. గొడ్లు దిగి నీళ్లు బురద చేస్తే చేపలు కనపడవని పక్షులకు లోపల గుర్రు. పక్షుల రెట్టలతో నీళ్లు కంపు కొడుతున్నాయని గొడ్లకు మంట. ఎవరూ పైకి అనేవారు కాదు, అంతే.

మర్నాడు అందరూ చేరారు. నక్క గొడ్లను ఒక పక్క, పక్షులను ఒక పక్క కూర్చోబెట్టింది. పంచాలనే పక్షానికి ఒంటికొమ్ము ఎద్దు పెద్ద. వద్దనే పక్షానికి నీటికాకి పెద్ద. కర్రి అలవాటుగా సుంకి దగ్గరికి నడిచింది.

"అక్కడ కాదమ్మా. నీకు గిట్టలున్నాయి, రెక్కలు లేవు. ఇటు," అంది నక్క.

"నేను సుంకితో కూర్చుంటాను మాస్టారూ. అర్థం కాకపోతే అది చెబుతుంది."

"పక్కన కూర్చున్నవాళ్లతో వాదన ఎలా అవుతుంది? ఎదురుగా ఉండాలి."

సుంకి నవ్వింది. "పో అత్తా! ఎదురుగా ఉంటే నీ మొహం నాకు బాగా కనిపిస్తుంది."

మొదటి రోజు 'ప్రపోజ్', 'అపోజ్' నేర్పింది నక్క. తర్వాత 'మెజారిటీ' వచ్చింది, 'రైట్స్' వచ్చింది. గట్టు వార కప్పలు కూర్చుని, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకు జేజేలు కొట్టేవి. అర్థం అడిగితే మాత్రం బుడుంగున నీళ్లలో దూకేవి.

కర్రి మొండిది. చెప్పిన మాట నెమరేసేది. తినడం మానేసి నెమరేసేది. ఒకనాడు లేచి నిలబడి, "మెజారిటీ మాది, రైట్స్ మావి!" అని ఒక్క గుక్కలో అనేసింది.

గొడ్లన్నీ తోకలు ఎత్తాయి. "అబ్బా, మా కర్రక్క!" అంది ఒంటికొమ్ము ఎద్దు. కర్రికి వీపంతా జలదరించింది. తనను ఇన్నేళ్లలో 'మా' అన్నవాళ్లు లేరు. ఆ సాయంత్రం గొడ్లు దాని పక్కనే కాసేపు పడుకుని గాని ఇంటికి పోలేదు. సుంకి వచ్చి కర్రి వీపు మీద వాలబోతే, ఎద్దు తోక విసిరింది.

"ఏమిటిది బావా?" అంది సుంకి.

"వాదన అయ్యేదాకా అటుండు. మా గుట్టు నీకెందుకు?"

ఎద్దుకు రేపు చెబుదాంలే అనుకుంది కర్రి.

మర్నాడు పాఠానికి ముందు నక్క కర్రి చెవి దగ్గరికి వచ్చింది. "నీకు ఒక్కదానికే ఒక గొప్ప మాట చెబుతాను. పారసైట్. ఇంకొకరి ఒంటి మీద పడి బతికేది. ఇది వాడావంటే వాదన నీదే."

"ఎవరి మీద వాడాలి?"

"సమయం వస్తే నీకే తెలుస్తుంది."

ఆ రోజు సుంకి బాగా మాట్లాడింది. "చెరువు పంచితే ఎవరూ బాగుపడరు. గొడ్లు తొక్కితేనే పురుగు లేస్తుంది, పురుగు లేస్తేనే మా కడుపు నిండుతుంది. మేం ఏరితేనే మీకు పిడుదుల బాధ తప్పుతుంది. దీన్ని కోఆపరేషన్ అంటారు," అంది. పక్షులతో పాటు కొన్ని దూడలు కూడా తల ఊపాయి. ఎద్దు తడబడింది. కర్రి వైపు తిరిగి, "అక్కా, ఏదో ఒకటి అను! పరువు పోతోంది!" అంది.

అందరి కళ్లూ కర్రి మీద పడ్డాయి. కొత్త మాట నాలుక చివర దురద పెట్టింది.

"కోఆపరేషన్ కాదు. నువ్వు పారసైట్‌వి!" అంది కర్రి.

గొడ్లు రంకెలు వేశాయి. కప్పలు గొంతులు చించుకున్నాయి. సుంకి మాత్రం మెడ ముడుచుకుని అలాగే నిలబడిపోయింది.

"నేనా అత్తా?"

కర్రి అప్పుడు గాని దాని మొహం చూడలేదు. "పాఠం కోసం అన్నానే పిల్లా..." అని గొణిగింది. ఆ అల్లరిలో అది ఎవరికీ వినపడలేదు.

"పంచండి," అంది సుంకి నీటికాకితో. "నేనూ ఒప్పుకుంటున్నాను. ఈవిడ వీపు మీద వాలితే నా కాళ్లు విరిగిపోనీ."

అంతటితో వాదన ముగిసింది. పంచవద్దన్న పక్షులే పంచండని పట్టుపట్టాయి. ఎద్దు బురదలో గిట్టతో పొడుగ్గా గీత గీసింది. తుమ్మచెట్టు పక్షుల వాటాకు వచ్చింది. నక్క చివరి మాట నేర్పింది.

"ట్రెస్‌పాస్. అడగకుండా అవతలివాళ్ల జాగాలో కాలు పెట్టడం. అది చేసినవాళ్లకు ఏ పక్షంలోనూ చోటుండదు. అందరూ అనండి!"

అందరూ అన్నారు. కర్రి అందరికంటే తప్పు లేకుండా అంది.

కొన్నాళ్లకు సుంకి పిల్లలు నడక మొదలుపెట్టాయి. కర్రి గీతకు ఇవతల నిలబడి కొమ్మ వైపు చూస్తూ ఉండేది. పిడుదులు చెవుల దాకా పట్టాయి. గొడ్లు నీళ్లు తాగుతూ, "బాగున్నావా అక్కా?" అని జవాబు వినకుండా పోయేవి. వాదన అయిపోయింది కదా, వాటికి కర్రితో పని లేదు.

ఒక మధ్యాహ్నం పెద్దపిల్ల కొమ్మ చివరికి వచ్చింది. కాలు జారింది. ఎండిన బురద మీద పడి కిచకిచమంది. సుంకి కిందికి దిగి రెక్కలు కొట్టుకుంది. దాన్ని ఎత్తగల బలం కొంగకు లేదు. గట్టు మీద జమ్ము కదిలింది.

"అత్తా!" అని అరిచింది సుంకి.

కర్రి పరుగెత్తింది. గీత దగ్గర ముందుకాళ్లు ఎత్తింది.

"కర్రక్కా, ఆగు! ట్రెస్‌పాస్!" అంది ఎద్దు వెనక నుంచి. "నువ్వు గెలిపించిన గీత నువ్వే దాటితే మాలో ఎలా కలుస్తావు?"

కర్రి ఆగింది. ఎంతసేపో కాదు, ఒకసారి ఊపిరి పీల్చి వదిలేంత సేపు. ఆ కాస్త సేపూ నక్కకు చాలింది.

తర్వాత కర్రి గీత దాటింది. చెట్టు కిందికి పోయి ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. నేల మీద నాలుగు తెల్లని నూగు ఈకలు ఉన్నాయి.

"ఇప్పుడెందుకొచ్చావు?" అంది సుంకి.

కర్రికి తెలిసిన మాటలన్నీ నోట్లో తిరిగాయి. వాటిలో ఒక్కటీ ఇక్కడ పనికొచ్చేది కాదు. తెలుగులోనూ ఏమీ రాలేదు.

మిగిలిన పిల్లకు రెక్కలు వచ్చాక సుంకి దాన్ని తీసుకుని వేరే చెరువుకు పోయింది. మిగతా కొంగలూ పోయాయి. నీళ్లు బొత్తిగా ఇంకిపోయాక గొడ్లు కాలవకు మళ్లాయి. చెరువులో కర్రి ఒక్కతే మిగిలింది. ఎన్నో రోజులకు గట్టు మీద నక్క కనిపిస్తే, ఒక గొంతు వినబడుతుందనే ఆశతో కష్టపడి లేచింది.

"మాస్టారూ, మళ్లీ పాఠం ఎప్పుడు?"

"పాఠమా?" అంది నక్క, నడక ఆపకుండానే. "నేర్చుకున్నవి చాలవా కర్రమ్మా? ఆ మాటలైనా ఇక్కడ ఎవరితో మాట్లాడతావు?"

నీతి: మాట నేర్పేవాడు అది ఎవరి మీద వాడిస్తున్నాడో చూసుకోకపోతే, మాట మనకు దక్కుతుంది గాని మాట్లాడే మనిషి దక్కడు.